వేలిముద్రకు సాక్షి ఎవరు?



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడామో ఆ పెద్దాయన మంచితనం గురించి నాకు ముందు మాట్లాడినవారు తనివితీరా చెప్పారు. నేను ఆయన కొలువు గురించి ఒక్క సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. బ్రాంచి పోస్టాఫీసులో మనియార్డరు బట్వాడా చేసేటప్పుడు, చదువురాని మనిషి వేలిముద్ర వేసినంత మాత్రాన ఆయన డబ్బు చేతిలో పెట్టేవారు కాదు. ఊళ్లో చదువు వచ్చినవాళ్లు ఎవరో ఒకరు పక్కన నిలబడాలి. ఈ ముద్ర ఫలానా మనిషిదే, నా కళ్లెదుటే వేసింది అని ఫారం మీద సంతకం చెయ్యాలి. అప్పుడే నోట్లు లెక్కపెట్టేవారు. అది ఆయన చాదస్తమని కొందరు విసుక్కునేవారట. కాదు, అది తపాలాశాఖ నిబంధన. ముద్ర వేసే మనిషికి చదువు లేదు కాబట్టి, ఆ మనిషి తరఫున చూసే కళ్లు ఇంకో జత ఉండాలని ఆ నిబంధన రాసినవాడికి తెలుసు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఆఫ్రికాలో జరుగుతున్న సైబర్ భద్రత, కృత్రిమ మేధ సదస్సుల గురించి. కరపత్రంలో అది చూసి, వాన పడితేనే వేరుశనగ విత్తనం వేసే మన తనకల్లుకూ ఆఫ్రికా సదస్సులకూ ఏం సంబంధమని మీలో కొందరికి నవ్వు వచ్చి ఉంటుంది. నన్నడిగితే హైదరాబాదుకూ బెంగళూరుకూ కన్నా మనకే ఎక్కువ సంబంధం ఉంది. అమెరికాలోనూ యూరపులోనూ మనిషికి ముందు బ్యాంకు వచ్చింది, తర్వాత కంప్యూటరు, ఆ తర్వాత ఫోను. ఆఫ్రికా పల్లెల్లో, మన మెట్టపొలాల ఊళ్లలో, ఫోనే ముందొచ్చింది. చాలామందికి బ్యాంకంటే ఫోనే. దొంగ కూడా ఆ దారినే వచ్చాడు.

2025 ఏప్రిల్ 3, 4 తేదీల్లో రువాండా రాజధాని కిగాలీలో ఆఫ్రికా కోసం కృత్రిమ మేధ ప్రపంచ సదస్సు జరిగింది. ఆ దేశాధ్యక్షుడు పాల్ కగామే స్వయంగా మాట్లాడారు. ఆఫ్రికా అంతటికీ కలిపి 6,000 కోట్ల డాలర్ల నిధి కూడగట్టాలని ప్రకటన వెలువడింది. అంకెలు సరే, సదస్సు అన్నాక పెద్ద అంకెలు ఉండనే ఉంటాయి. నాకు ఆసక్తి కలిగించింది వాళ్ల ప్రశ్న. మా జనం సమాచారం ఎవరి కంప్యూటర్లలో ఉంటుంది, మా భాషలు ఆ యంత్రాలకు వస్తాయా, తప్పు జరిగితే మేము ఏ గడప తొక్కాలి? అంతకు ముందు ఏడాది జులైలో ఆఫ్రికా సమాఖ్య ఆమోదించిన ఖండస్థాయి కృత్రిమ మేధ వ్యూహంలోనూ ఇవే ప్రశ్నలు. మన దగ్గర ఇలాంటి సదస్సుల్లో పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని అన్న లెక్కలే ముందు వినిపిస్తాయి. విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినప్పుడు పత్రికలన్నీ ఆ లెక్కలే వేశాయి. రావలసిందే, సంతోషమే. గడప సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ గడప ప్రశ్న వాళ్లకు ఊరికే రాలేదు, దెబ్బ తిని వచ్చింది. కెన్యాలో 2007 మార్చిలో సఫారీకామ్ సంస్థ ఎం-పెసా మొదలుపెట్టింది. మామూలు బటన్ ఫోను నుంచి మెసేజ్ పంపినట్టే డబ్బు పంపవచ్చు, వీధి చివర చిల్లరకొట్టులో నగదుగా మార్చుకోవచ్చు. మనకు యూపీఐ రావడానికి తొమ్మిదేళ్ల ముందు మాట ఇది. నైరోబీలో కూలిచేసే కొడుకు ఊళ్లోని తల్లికి వారం వారం డబ్బు పంపగలిగాడు. కొద్దికాలానికే మోసాలూ పుట్టాయి. "పొరపాటున మీ నంబరుకు డబ్బు వేశాను, దయచేసి తిరిగి పంపండి" అనే ఫోను మొదటివాటిలో ఒకటి. ఇది వినగానే ఇక్కడ ముందు వరసలో కూర్చున్న కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఔను, అదే ఫోను కదిరిలోనూ మోగుతోంది.

2023 జులై చివర నైరోబీలో జనం పెద్దపెద్ద వరసల్లో నిలబడ్డారు. వరల్డ్‌కాయిన్ అనే కంపెనీ ఒక వెండిరంగు గోళం ముందు కళ్లు పెట్టమంది. కంటిపాప ముద్ర ఇస్తే డిజిటల్ నాణేలు ఇస్తామంది, వాటి విలువ అప్పటి లెక్కన దాదాపు 7,000 కెన్యా షిల్లింగులు. మన డబ్బులో సుమారు నాలుగు వేలు, అంటే ఇక్కడి ముసలివాళ్ల ఒక నెల పింఛను. జనం ఎందుకు నిలబడ్డారో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆగస్టు 2న ప్రభుత్వం ఆ పనిని ఆపించింది. కేసు హైకోర్టుకు వెళ్లింది. 2025 మే నెలలో కోర్టు ఆ కంటిముద్రలన్నీ తుడిచెయ్యమని ఆదేశించింది. ఆశపడి ఇచ్చిన ఒప్పుదల ఒప్పుదల కాదని న్యాయస్థానం తేల్చడం చిన్న సంగతి కాదు. ఆ తీర్పును మన న్యాయశాస్త్ర విద్యార్థులు చదవాలి.

అలాగని ఆఫ్రికాను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. సైబర్ భద్రత మీదా వ్యక్తిగత సమాచార రక్షణ మీదా ఆఫ్రికా సమాఖ్య 2014 జూన్‌లో మలాబోలో ఒక ఒడంబడిక చేసుకుంది. అది అమల్లోకి రావడానికి పదిహేను దేశాలు ఆమోదించాలి. ఆ పదిహేనో దేశం కలిసేసరికి 2023 వచ్చింది, తొమ్మిదేళ్లు. ఈలోపు దొంగలు ఆగుతారా? అయితే పోలీసులు కలిసి పనిచేసినప్పుడు ఫలితం కనబడింది. 2025 జూన్ నుంచి ఆగస్టు దాకా ఇంటర్‌పోల్ నడిపిన సెరెంగెటి రెండో విడత దాడుల్లో పద్దెనిమిది ఆఫ్రికా దేశాలు, బ్రిటన్ కలిసి 1,209 మందిని పట్టుకున్నాయి. 9.74 కోట్ల డాలర్లు రాబట్టాయి. మనవాళ్ల చెయ్యి కూడా అక్కడ కొంత ఉంది. ఉగాండాలోని జింజాలో మన జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం 2023 ఏప్రిల్‌లో క్యాంపస్ తెరిచింది. అదే ఏడాది నవంబరులో మద్రాసు ఐఐటీ జాంజిబార్‌లో డేటా సైన్సు, కృత్రిమ మేధ చదువులు మొదలుపెట్టింది. పాఠం చెప్పడానికి వెళ్లినవాళ్లం పాఠం నేర్చుకుని కూడా రావాలని నా కోరిక.

ఇక మన గడప దగ్గరికి వద్దాం.

నెల మొదటి తేదీ పొద్దున్నే సచివాలయం ఉద్యోగి పింఛను ఇవ్వడానికి వీధిలోకి వస్తాడు. అరుగు మీద అవ్వ కూర్చుని ఉంటుంది. బ్రొటనవేలు యంత్రం మీద పెడుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. చూపుడువేలు పెడుతుంది, మళ్లీ ఎరుపే. "కొంగుతో తుడిచి పెట్టవ్వా" అంటాడు. తుడుస్తుంది. తలకు రాసుకుని పెట్టమంటాడు, నూనె జిడ్డుకు గీతలు తేలతాయని. ఎందుకు పడదు? యాభై ఏళ్లు శెనక్కాయలు ఒలిచిన వేళ్లవి. గోరుతో, వేలికొసతో పొట్టు పగలగొట్టీ పగలగొట్టీ గీతలు అరిగిపోయాయి. వేలు పడకపోతే మొహం ఫొటో తీసే పద్ధతి ఉంది కాబట్టి అవ్వకు పింఛను ఆగదు. ఆ మట్టుకు మేలే. నాకు ఇబ్బందిగా తోచేది వేరే ఉంది. అవ్వ వేలు అవ్వ దగ్గర పనిచెయ్యదు. అదే వేలు దొంగ దగ్గర పనిచేస్తుంది.

పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో బయటపడిన కేసు గుర్తుంటే మీకు తెలుస్తుంది. సిమ్ కార్డుల అమ్మకం లక్ష్యాలు అందుకోవడానికి ఒకతను భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్లు ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి దించుకున్నాడు. వాటి మీదున్న వేలిముద్రలను, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే, అచ్చులుగా తయారుచేశాడు. ఆ అచ్చులతో, ఎవరెవరి పేర్ల మీదో వేల సిమ్‌లు చలామణీలోకి తెచ్చాడు. అతను హ్యాకర్ కాదు. ఏ తాళమూ పగలగొట్టలేదు. తలుపు తెరిచే ఉంది. దస్తావేజులో పేరుంది, ఆధార్ నంబరుంది, వేలిముద్ర ఉంది, మూడూ ఒకే కాగితం మీద.

ఆధార్ చెల్లింపుల విధానంలో, అదే మనం ఏఈపీఎస్ అంటున్నది, డబ్బు తియ్యడానికి కావలసినవీ అంతకంటే ఎక్కువేం కాదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు. ఓటీపీ అడగదు, పిన్ అడగదు. ఒక్కో విడతకు 10,000 వరకు తియ్యవచ్చు. ధర్మారం తర్వాత ఇదే కిటుకుతో ఖాతాలు ఖాళీచేసిన ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. చదువురానివాళ్లకు మేలు చెయ్యాలని పెట్టిన విధానం కాబట్టి దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. దాని మేలుకు మన ఉమ్మడి అనంతపురం జిల్లాయే సాక్ష్యం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే కదా. తర్వాత వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో కూలి డబ్బు ఇచ్చే పద్ధతి మీద ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో పెద్ద పరిశోధన జరిగింది. అనంతపురం అందులో ఒకటి. కార్తీక్ మురళీధరన్, అతని సహచరులు 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కూలి త్వరగా అందింది, మధ్యలో మింగేది తగ్గింది, జనం కూడా ఆ పద్ధతే కావాలన్నారు. కాబట్టి యంత్రం వద్దనే వాదన నాది కాదు. యంత్రం పెట్టినప్పుడు సాక్షిని తీసేశారన్నదే నా ఫిర్యాదు.

2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ కృత్రిమ మేధతో ఒక కాపలా పెట్టింది. పెట్టింది బతికున్న వేలా, రబ్బరు అచ్చా అని అది కనిపెడుతుంది. గీతలతో పాటు వేలి బొమ్మను కూడా పోల్చి చూస్తుంది. మంచి పని. దొంగసొమ్ము చేతులు మార్చే అద్దె ఖాతాలను పసిగట్టడానికి రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే ఏఐ పనిముట్టు తయారుచేసింది. అదీ మంచిదే. ఏఈపీఎస్ యంత్రం పట్టుకున్న ఏజెంట్ల పూర్వాపరాలు బ్యాంకులు విచారించాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో చెప్పి, 2026 జనవరి 1 నుంచి అమలు పెట్టింది. ఇన్నేళ్లకు గాని ఏజెంటు ఎవరని అడగాలన్న ఆలోచన రాలేదు చూడండి.

యంత్రం ఒక్కదాన్నే సాక్షిగా నిలబెడితే ఏమవుతుందో ఉపాధి పనుల దగ్గరే చూశాం. 2023 జనవరి నుంచి ప్రతి పని దగ్గరా కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు ఫోను యాప్‌లో ఎక్కించాలన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక ఉత్తర్వులో ఒప్పుకుంది, సంబంధం లేని ఫొటోలు ఎక్కుతున్నాయని, ఫొటోకు ఫొటో తీసి పెడుతున్నారని. ఆ తర్వాత చేసిందేమిటి? ఆ ఫొటోలను మనుషులు సరిచూడాలని ఆదేశించారు. మన పెద్దాయన పోస్టాఫీసు పద్ధతే చుట్టూ తిరిగి వచ్చింది.

వేలిముద్ర సంగతి అలా ఉంటే, గొంతు సంగతి ఇంకా కొత్తది. ఇన్నాళ్లూ మనల్ని కొంత కాపాడింది దొంగల భాషే. "మీ ఏటీఎం కార్డు బ్లాక్ అయిపోయింది జీ" అని ఎవడైనా వచ్చీరాని తెలుగులో అన్నాడంటే మనవాళ్లు రెండు తిట్లు తిట్టి పెట్టేసేవారు. ఇప్పుడు ఆ కంచె పడిపోయింది. కృత్రిమ మేధ నున్నని తెలుగు రాస్తుంది, మాట్లాడుతుంది. కొద్దిసేపటి రికార్డింగ్ దొరికితే ఒకరి గొంతుతోనే పలుకుతుంది. 2023 నవంబరులో రష్మిక మందన్న మొహంతో వచ్చిన నకిలీ వీడియో అందరూ చూశారు. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది గుంటూరు కుర్రాణ్ని, ఇంజనీరట, అభిమానుల పేజీకి జనం పెరగాలని చేశాడట. సినిమాతారకైతే దేశమంతా అండగా నిలిచింది. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న కొడుకు గొంతుతో "అమ్మా, పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు వెయ్యి" అని ఫోను వస్తే తనకల్లులో తల్లి ఎవరిని అడుగుతుంది? ఆమెకు తెలిసిన ఒక్క గుర్తు ఆ గొంతే.

యంత్రాలకు తమ మాట నేర్పే విషయంలో రువాండావాళ్లను చూసి నేను నిజంగా అసూయపడ్డాను. మొజిల్లా సంస్థ ఎవరైనా గొంతు దానం చేసే కామన్ వాయిస్ అనే భండారం నడుపుతోంది. దానిలో వాళ్ల కిన్యార్వాండా భాషలో రెండు వేల గంటలకు పైగా మాటలు చేరాయి. కోటి మంది పైచిలుకు మాట్లాడే భాష అది. 2011 జనగణన ప్రకారం ఎనిమిది కోట్ల పైచిలుకు మందిమి మనం, ఆ భండారంలో మన వాటా చెప్పుకుంటే సిగ్గుచేటు. దొంగ ఫోనును పసిగట్టే యంత్రానికైనా ముందు మన మాట రావాలి. అందులోనూ మన సీమ మాట, "ఏమప్పా, యాడికి పోతావుండావ్" అనే మాట రావాలి. మంచి తెలుగు దొంగకు వచ్చి, మన తెలుగు పోలీసు యంత్రానికి రాకపోతే ఎలా? కాలేజీ పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ జేజి చేత శెనక్కాయ సేద్యం గురించి అరగంట మాట్లాడించి రికార్డు చేసి, ఆమె ఒప్పుకుంటేనే, ఇలాంటి బహిరంగ భండారానికి ఇవ్వండి.

విశాఖ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం ఒకవైపే చూసినట్టవుతుంది. దొంగల వైపున్న వాళ్లంతా దొంగలు కారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఒక ఏజెంట్ల ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, కుర్రాళ్లను కంబోడియాకు తోలిందా ముఠా. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, చీకటిగదుల్లో పెట్టి, మన దేశంలోని మనవాళ్లనే మోసం చేయించారు, కొరియర్ పార్శిల్లో మత్తుమందు దొరికిందని ఒకడికి, పెట్టుబడికి రెట్టింపని ఇంకొకడికి. మే 20న సిహనూక్‌విల్‌లో దాదాపు మూడు వందల మంది భారతీయులు తిరగబడ్డారు. అప్పటి విశాఖ పోలీసు కమిషనర్ రవిశంకర్ చొరవతో, రాయబార కార్యాలయం సాయంతో జట్లు జట్లుగా మనవాళ్లు ఇంటికి చేరారు. కరువుకు బెంగళూరుకూ కువైట్‌కూ పోవడం అలవాటైన ఊరు మనది. విదేశీ ఉద్యోగం పేరుతో పాస్‌పోర్టు అడిగేవాడి లైసెన్సు చూడండి, పర్యాటక వీసా మీద ఉద్యోగం అంటే మెట్టు దిగకండి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే మాటకు వస్తాను. "అవగాహన పెంచుకోండి, జాగ్రత్తగా ఉండండి." ప్రతి సభలో, ప్రతి పోస్టరు మీద ఇదే. జాగ్రత్త అవసరమే. కానీ దేశంలో సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 2023లో 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు అని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. ఒక్క ఏడాదిలో జనానికి తెలివి మూడోవంతుకు తగ్గిపోయిందా? తగ్గలేదు. మోసం పరిశ్రమగా మారింది. పరిశ్రమను అవ్వ జాగ్రత్త ఆపలేదు.

బాధ్యత ఎవరిదో చెప్పే కాగితం మన దగ్గర లేకపోలేదు. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే నష్టం ఖాతాదారుది కాదు. తప్పు ఖాతాదారుదేనని రుజువు చెయ్యాల్సిన భారం బ్యాంకుదే. రబ్బరు అచ్చుతో వేలిముద్ర వేసి డబ్బు తీస్తే అవ్వ చేసిన తప్పేమిటి? భూమి రిజిస్ట్రేషన్ చేయించుకోవడమా? అయినా బ్యాంకు కౌంటరు దగ్గర ఈ ఉత్తర్వు పేరెత్తితే, "మీరే ఎక్కడో వేలు పెట్టి ఉంటారు" అనే జవాబు వస్తుంది. మూడు పనిదినాలన్న గడువు కూడా మనలాంటి ఊళ్లకు కుదిరేది కాదు. పాసుపుస్తకం అచ్చు వేయించుకునేదాకా డబ్బు పోయినట్టే తెలియనివాళ్లకు, మెసేజ్ వచ్చినా చదవలేనివాళ్లకు, గడువు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో స్పష్టంగా రాయాలి. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరుకు గాని రాలేదు. మలాబో ఆలస్యాన్ని చూసి మనం నవ్వే అర్హత అక్కడే పోయింది.

కిగాలీ తీర్మానాలు కిగాలీలోనే ఉంటాయి, ఢిల్లీ చట్టాలు ఢిల్లీలో ఉంటాయి. మన చేతిలో ఉన్నది గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపించగలిగాం. అక్టోబరు 2న ఈ మండలంలో జరిగే సభల్లో ఒక్క తీర్మానం పెట్టండి. వేలు పెట్టించి డబ్బు ఇచ్చే ప్రతి ఏజెంటూ తన పేరు, బ్యాంకు పేరు రాసిన బోర్డు పెట్టాలి, ప్రతి విడతకూ అచ్చు రశీదు ఇవ్వాలి, చదువురానివాళ్లు కోరితే పక్కన ఒక మనిషిని నిలబడనివ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యంత్రమూ అక్కర్లేదు. ఇంట్లో ఫోనుకు ఆధార్ జతపడి ఉంటే పిల్లలు ఈ రాత్రే అవ్వాతాతల వేలిముద్రలకు ఆధార్ వెబ్‌సైటులో తాళం వెయ్యండి, డబ్బు తీసుకునే రోజు తెరవండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, సిగ్గుపడి దాచుకోకుండా 1930కి ఫోను చెయ్యండి. సొమ్ము ఖాతా దాటి ఇంకో ఖాతాకు పోకముందే ఆపడానికి పెట్టిన నంబరు అదే.